ఆమె ముఖం మీద ఎగిరే అక్షరాలు

మార్కాపురంలో పలకల పని చేసిన ఒక స్త్రీ తన కథ తానే చదువుతోంది. పోయిన వేసవిలో, గిద్దలూరులో, మిత్రురాలి ఇంటి ముందుగదిలో. హైదరాబాదుకీ బెంగుళూరుకీ వలసపోయిన ఆడపిల్లలు కూడా వింటారని ఆ సభని లైవ్ పెట్టాం. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ము, మొగుడి దగ్గు, చాలీచాలని కూలి. ఆ దగ్గు దాకా వచ్చేసరికి తెర కుడివైపు నుంచి ఒక గులాబిరంగు బుడగ ఎగిరొచ్చి, రెండుసార్లు గెంతి, ఆమె గడ్డం మీద ఆగింది. అందులో ఒక బూతు. దాని వెనకే ఇంకోటి. ఆమెకి తెర కనిపించదు కాబట్టి చదువుతూనే ఉంది. చూసింది మేము.

"తీసేశా గదక్కా" అన్నాడు కంప్యూటర్ దగ్గరున్న పిల్లాడు. నిజమే, చాట్‌లోంచి తీసేశాడు. కానీ వీడియోలోంచి పోలేదు. ఓబీఎస్ లాంటి ప్రోగ్రాంలో 'బ్రౌజర్ సోర్స్' అని ఒకటుంటుంది. (నేనైతే మొదట అదేదో బోరు మోటారు భాగం అనుకున్నాను.) చాట్ లింకు అందులో పెడితే అది పల్చని గాజుకాగితంలా కెమెరా బొమ్మ మీద పరుచుకుంటుంది. రెండూ కలిసి ఒకే బొమ్మగా బయటికి వెళ్తాయి, అలాగే రికార్డవుతాయి. పలక మీద రాత చేత్తో తుడిస్తే పోతుంది. ఇది పోదు. కత్తిరించాలంటే ఆ దగ్గు గురించి ఆమె చెప్పిన మాటల్నే కత్తిరించాలి. మసక చెయ్యాలంటే ఆమె ముఖాన్నే మసక చెయ్యాలి. రాసినవాడికి ఏమీ కాలేదు. కోత పడింది ఆమె కథకి.

స్త్రీల కవిత్వాన్ని 'నీలి కవిత్వం' అని తిట్టిన రోజులు మనలో చాలామందికి గుర్తే. ఆ తిట్టుకి జవాబుగా 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చింది. అప్పుడు తిట్టినవాళ్లు కనీసం పత్రికలో పేరు పెట్టుకుని తిట్టారు. ఏ ఉత్తరం వెయ్యాలో, ఎక్కడ వెయ్యాలో ఒక సంపాదకుడు నిర్ణయించేవాడు. మన కవిత మీదే, మన అక్షరాలకి అడ్డంగా, ఆ ఉత్తరాన్ని ఎవరూ అచ్చెయ్యలేదు. ఇప్పుడు మనమే ఆ పని చేస్తున్నాం, అదీ రంగులద్ది, గెంతులేయించి! ఈ ఓవర్లే ఒక అలంకారం కాదు, సంపాదకత్వం. ఆ కుర్చీని మనం "టెక్నికల్ పని" అని ఎవరో పిల్లాడికి వదిలేశాం. వాడు మంచివాడే. కానీ ఆటల లైవ్‌ల కోసం తయారైన అమరికని ఉన్నదున్నట్టు తెచ్చి మనకి తగిలించాడు. అక్కడ చాట్ ఎంత గోలగా ఉంటే అంత సందడి. మన సభకి ఆ సందడి ఎందుకు?

అదేమంటే భావప్రకటనా స్వేచ్ఛ అంటారు. చాట్ ఎక్కడికీ పోలేదు, రాసుకోనివ్వండి. ఆమె ముఖం మీద రాసే హక్కు ఎవరిచ్చారన్నదే నా ప్రశ్న. మన వాళ్లే "మాకు ఇవన్నీ రావమ్మా" అనడం ఇంకా బాధ. డీటీపీ మాత్రం మనకి పుట్టుకతో వచ్చిందా?

తర్వాత నలుగురం కూర్చుని నేర్చుకున్నాం. అన్ని వ్యాఖ్యలూ వాటంతటవే తెరకెక్కే బుడగల్ని తీసేశాం. మనం నొక్కిన వ్యాఖ్య మాత్రమే కనిపించే పద్ధతి పెట్టుకున్నాం. స్ట్రీమ్‌యార్డ్ లాంటి వాటిలో అది ఒక్క నొక్కుతో అయ్యే పని. నిషిద్ధ పదాల జాబితా తెలుగు లిపిలో ఒక్కటే పెడితే చాలదు, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో బూతుకి ఐదారు స్పెల్లింగులున్నాయి. మధ్యాహ్నమంతా కూర్చుని ఆ బూతులన్నీ మేమే టైపు చేశాం. నవ్వుకున్నాం కూడా. అక్షరం అక్షరంగా టైపయ్యే యానిమేషన్‌ని పూర్తిగా ఆపాం. అది ఒత్తుల్నీ గుణింతాల్నీ విడగొట్టి, 'లక్ష్మి'ని ముక్కలుముక్కలుగా చూపిస్తోంది. చాట్ కదలకుండా బిగుసుకుపోతే సోర్స్‌ని రిఫ్రెష్ చెయ్యాలి. అప్పటికీ రాకపోతే లింకు పాత సభదేమో చూడాలి, చాలాసార్లు జరిగేది అదే.

ఆమె కథని మళ్లీ చదవడానికి ఒప్పుకుంది. ఈసారి మౌసు తన కూతురి చేతిలో ఉండాలంది.