ఆ 30 సెకన్లు ఎక్కడికి పోయాయి?

మీలాద్ వచ్చినా, ముహర్రం వచ్చినా మన నౌజవాన్లు షామియానా వేసి ఖూన్ ఇస్తారు. మాషా అల్లాహ్! వాళ్ల నియ్యత్ మీద నాకు షక్ లేదు. నా ఝగడా లెక్క మీద. మంఖాల్ నుంచి చార్మినార్ దాకా ఏ క్యాంపుకెళ్లినా సవాల్ ఒకటే: "ఎన్ని యూనిట్లయ్యాయి భాయ్?" చెయ్యి ఎలా తుడిచారని మాత్రం ఎవరూ అడగరు.

సంచిలోకి బ్యాక్టీరియా దూరే పెద్ద రాస్తా మన చర్మమే. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన స్పిరిట్‌తో 30 సెకన్లు తుడవాలి, ఇంకో 30 సెకన్లు ఆరనివ్వాలి, ఆ తర్వాత నరం కోసం మళ్లీ వేలు పెట్టకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదిదే. నేను చూసిన ఒక క్యాంపులో తడి ఆరకముందే సూది దింపేస్తున్నారు. లీడర్ ఫోటోకు టైమైందట!

వుజూ చేసి వచ్చాం కదా అనకండి. తహారత్ వేరు, చర్మం లోపల దాగిన క్రిమిని చంపడం వేరు. కానీ వేళ్ల సందులు కూడా వదలకుండా మోచేతుల దాకా మూడేసిసార్లు కడుక్కునే ఉమ్మత్, అదే మోచేతి మడతలో సూది దిగేటప్పుడు ఒక్క నిమిషం సబర్ చేయలేదా?

ఎంత తుడిచినా సూదితోపాటు చర్మపు ముక్క లోపలికి పోవచ్చు. అందుకే మొదటి 30, 40 మిల్లీలీటర్లను పక్కనున్న చిన్న సంచిలోకి మళ్లించే బ్యాగులున్నాయి. ఆ ఖూన్ పరీక్షలకు పనికొస్తుంది, బర్బాద్ కాదు. బ్లడ్ బ్యాంకును పిలిచేటప్పుడే అవి తెమ్మనండి. ఫ్లెక్సీకి దొరికే పైసలు దీనికి దొరకవా?

డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం పరుగెత్తని ఖాందాన్ ఉందా? ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల చలిలో దాస్తారు. ప్లేట్‌లెట్లను మాత్రం 20 నుంచి 24 డిగ్రీల్లో, 5 రోజుల దాకా. క్రిములకు దావతే! మన చట్టం ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి చేసింది. బ్యాక్టీరియా పరీక్ష ఆ జాబితాలో లేదు. అమెరికాలో ప్లేట్‌లెట్లకు 2004 నుంచే ఉంది. హుకూమత్‌ను నిలదీయాల్సింది ఇక్కడ.

చలిని కూడా పూర్తిగా నమ్మలేం. యెర్సీనియా అనే క్రిమి ఫ్రిజ్‌లోనూ పెరుగుతుంది. ఈమధ్యే విరేచనాలైన మనిషి, పైకి తందురుస్త్‌గా కనిపిస్తూనే దాన్ని రక్తంలో మోసుకు రావచ్చు. ఫారంలో ఆ సవాల్ ఉన్నది అందుకే. దోస్తుల ముందు ఇజ్జత్ పోతుందని "లేదు" అని రాసేవాడు ఏ సవాబ్ కమాయిస్తున్నాడు?

హైదరాబాద్‌లో 1998లో పెట్టిన థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. థలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఉమ్రంతా ఖూన్ ఎక్కాల్సిందే. అమ్మీలూ, అబ్బాలూ, ఎక్కుతుండగా బిడ్డకు చలి, వణుకు, జ్వరం వస్తే మామూలేలే అని ఊరుకోకండి. అప్పటికప్పుడు నర్సును పిలిచి ఆపించండి. ఆ సంచిని పారేయనివ్వకండి, పరీక్షకు పంపించమనండి.