బండ్లు ఆగే మడికి కాగితం కావాలి

మేడారం జాతరకు నేను మొదటిసారి పోయింది మా నాయిన కట్టిన ఎడ్లబండి మీద. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. రెండు రాత్రులు అడవి దారిన నడిచి, కోతలైన ఒక మడిలో బండి విడిచాం. మూడు రాళ్ల పొయ్యి పెట్టి అమ్మ వంట చేసింది. ఎడ్లకు గడ్డి వేసి, బండి కిందే పడుకున్నాం. తిరిగి వచ్చేనాటికి ఆ మడినిండా పేడ. ఆ మడి రైతు వచ్చి మా నాయినతో నవ్వుతూ మాట్లాడిపోయిండు. ఎందుకు నవ్విండో అప్పుడు తెలియలేదు. ఎడ్లు కట్టిన చేనుకు ఎరువు దొరుకుతుందని వ్యవసాయంలో దిగినంక అర్థమైంది.

మొన్న 2026 జనవరి 28 నుంచి 31 దాకా జరిగిన జాతరకు మా ఊరి వాళ్లం ట్రాక్టర్ మీద పోయాం. ఈసారి కూడా ఒక మడిలోనే ఆపాం. దిగేటప్పుడు చూస్తే ఆ మడికి గట్టు లేదు. డోజర్‌తో చదును చేసిండ్రు. పంట కాలువ ఉన్న చోట మట్టి నింపి బండ్లకు దారి చేసిండ్రు. బోరు దగ్గర స్టార్టర్ డబ్బాకు పాత చీర చుట్టి, నాలుగు కట్టెలు పాతి ఉంది. రైతు తన బోరును కాపాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. అది చూసినంక నాకు జాతర మీద ధ్యాస నిలువలేదు. తల్లులను మొక్కుకుని వచ్చి ఆ రైతును వెతికి మాట్లాడిన. ఆయన చెప్పింది, నేను చూసింది కలిపి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది జాతర వద్దనే రాత కాదు. సమ్మక్క సారలమ్మలు మన తల్లులు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వచ్చే ఆ రెండు రోజులు చూడడానికి తెలంగాణ అంతా కదులుతుంది. ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, ఒడిశా నుంచి కూడా వస్తరు. అడవి దారిన కాలినడకన వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాలుగు రోజుల్లో కోటి మందికి పైగా వచ్చే చోట బండ్లు ఎక్కడో ఆగాలి, మనుషులు ఎక్కడో పండుకోవాలి. మేడారం చిన్న ఊరు, చుట్టూ అడవి. అడవిని నరికి పార్కింగ్ చేయలేరు, చేయొద్దు కూడా. కాబట్టి మిగిలేవి మేడారం, నార్లాపూర్, ఊరట్టం, కొత్తూరు, కన్నెపల్లి చుట్టుపక్కల రైతుల పొలాలే. పస్రా మీదుగా వచ్చే ప్రైవేటు బండ్లకు ఒక దారి, తాడ్వాయి మీదుగా వచ్చే బస్సులకు ఒక దారి అని పోలీసులు పద్ధతిగానే నడిపిస్తరు. ఆ దారుల చివర బండి ఆగే నేల ఎవరిది, దానికి ఏం ఇస్తున్నాం అన్న దగ్గరే లెక్క తేలదు.

ఊరు బయటి నుంచి చూసేవాళ్లు నాలుగు రోజుల జాతరే కదా అంటరు. రైతుకు అది నాలుగు రోజుల లెక్క కాదు. వానాకాలం వరి నవంబర్‌లో కోస్తం. యాసంగి నారు నవంబర్ చివర, డిసెంబర్‌లో పోస్తం. డిసెంబర్ చివరి నుంచి జనవరి దాకా నాట్లు. సరిగ్గా అప్పుడే చదును పనులు మొదలవుతాయి. నారు పోసుకోవాల్సిన రోజుల్లో డోజర్ దిగుతుంది. ఇక జాతర మాఘ పౌర్ణమిని బట్టి వస్తుంది కనుక ఒకసారి జనవరి ఆఖరున, ఒకసారి ఫిబ్రవరి ఆఖరున పడుతుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. అంటే మడి రైతు చేతికి వచ్చేసరికి మార్చి. ఆ యాసంగి పోయినట్టే. ఈసారి జనవరిలోనే అయిపోయింది కదా, నాటు వేసుకోవచ్చు కదా అంటే, గట్టు లేని మడిలో నీళ్లు ఎట్ల నిలుస్తయి? కాలువ పూడిన చోట నీళ్లు ఎట్ల పారుతయి? లేటుగా వేసిన వరి పొట్టకొచ్చే నాటికి ఎండలు ముదురుతాయి, బోర్లు దిగిపోతాయి, కోతల నాటికి రాళ్లవాన భయం.

నేల సంగతి చూడండి. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు నాలుగు రోజులు తిరిగితే మట్టి ఇటుక లెక్క గట్టిపడుతుంది. దాని మీద నాగలి ఎగిరిపడుతుంది. కల్టివేటర్ రెండు సాళ్లు కొట్టినా పైపైనే గీసుకుపోతుంది. అడుగున బిగిసిన పొర అట్లనే ఉంటే వేరు కిందికి దిగదు. ఇక మిగిలేవి సీసా పెంకులు, ప్లాస్టిక్ కవర్లు, కోళ్ల ఈకలు, పొయ్యి రాళ్లు, బూడిద, విస్తర్లు. అన్నిటికన్నా ప్రమాదం సీసా పెంకు. మడి దమ్ము చేసేటప్పుడు, నాటు వేసేటప్పుడు బురదలో అది కనబడదు. బురదలో చేయి పెట్టేది, కాలు పెట్టేది నాటుకూలీ ఆడవాళ్లు. నాతో మాట్లాడిన రైతు ఇంట్లో కిందటి జాతర తర్వాత కోడలి కాలికి పెంకు దిగి కుట్లు పడ్డయట. "ఆ మడికి నాటు అంటే కూలీలు రామంటున్నరు అన్నా" అన్నడు. ఆ నష్టం ఏ లెక్కలోకి వస్తుంది?

లెక్క అన్నాం కనుక చేసి చూద్దాం. ఇవి మా ఊరి రేట్లు, మీ దగ్గర కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. యాసంగిలో ఎకరాకు 22 క్వింటాళ్లే అనుకుందాం. 2025-26కు సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాల్‌కు 2,369 రూపాయలు. అంటే 52,118 రూపాయలు. దున్నకం, నాటు, ఎరువులు, కోత మిషన్ కలిపి 27 వేలు ఖర్చు తీసేస్తే ఎకరాకు పాతిక వేలు మిగలాలి. పంట వేయలేదు కనుక అది పోయింది. దాని మీద మడిని తిరిగి మడి చేయడానికి ఖర్చు: పెంకులు, చెత్త ఏరడానికి ఆరుగురు కూలీలు రెండు రోజులు, రోజుకు 400 చొప్పున 4,800. ట్రాక్టర్ నాలుగు గంటలు, గంటకు 1,100 చొప్పున 4,400. గట్లు పెట్టి కాలువ తీయడానికి 3,000. మొత్తం 12,200. రెండూ కలిపితే ఎకరాకు 37 వేల పైమాట. రెండెకరాల రైతుకు ఇది 74 వేలు. బ్యాంకు బాకీ మాత్రం జాతర ఉందని ఆగదు.

"దేవుని పనికి కూడా లెక్కలు కడతారా?" అని కొందరు అడుగుతరు. అడగాల్సిన మాటే. కానీ జాతరలో టెంటు వేసినాయనకు బిల్లు ఉంది. లైట్లు పెట్టినాయనకు బిల్లు ఉంది. చదును చేసిన డోజర్‌కు గంటల లెక్కన బిల్లు ఉంది. ఆ డోజర్ కిందపడ్డ మడికి మాత్రం భక్తి చాలు అంటే ఎట్ల? అందరికంటే ఎక్కువ ఇచ్చేవాడు రైతు, అందరికంటే చివర అడిగేవాడు కూడా రైతే.

మన వైపు నుంచి కూడా నిజం చెప్పుకోవాలి. జాతరలో రైతులందరూ నష్టపోరు. రోడ్డు పక్క భూమి ఉన్నవాళ్లకు దుకాణాల కిరాయి వస్తుంది. గుడారాలకు, విడిదికి జాగ ఇచ్చి నాలుగు డబ్బులు చూసుకునేవాళ్లున్నారు. అది వాళ్ల హక్కు, తప్పు కాదు. లోపలికి, అడవి అంచున మడులున్న వాళ్లకు ఆ కిరాయి రాదు. వాళ్ల భూమి ఉచిత పార్కింగ్ అవుతుంది. అందుకే ఊళ్లో ఈ విషయం మాట్లాడితే ఒకరు ఔననడం, ఒకరు కాదనడం జరుగుతుంది. ఈ తేడాను దాచిపెడితే మనలో మనకే చీలిక వస్తుంది. కిరాయి వచ్చేవాళ్ల కిరాయికి అడ్డం పోకుండా, ఏమీ రానివాళ్ల కోసం అడుగుదాం.

నేను మాట్లాడిన రైతును, భూమి తీసుకునేటప్పుడు ఏం చెప్పిండ్రు అని అడిగితే "చూద్దాం అన్నరు" అన్నడు. ఎవరన్నరంటే పేరు తెలియదు. కాగితం ఉందా అంటే లేదు. మాట ఇచ్చినాయన బదిలీ అయితే ఆ మాట కూడా బదిలీ అయిపోతుంది.

నిజానికి కాగితం అడగడం మనం కొత్తగా కోరే వరం కాదు, చట్టంలో ఉన్న సంగతే. 2013 భూసేకరణ చట్టం 81వ సెక్షన్ తాత్కాలికంగా భూమి వాడుకోవడం గురించే చెబుతుంది. ప్రజల అవసరం కోసం సాగు భూమిని కొంతకాలానికి తీసుకోవాలంటే, మూడేళ్లు మించకుండా, కలెక్టర్ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఎంత పరిహారమో రాతలో ఒప్పందం కావాలి. మొత్తం ఒకేసారి ఇవ్వొచ్చు, నెలనెలా ఇవ్వొచ్చు. మొత్తం దగ్గర ఒప్పుదల కుదరకపోతే పై అథారిటీకి పంపాలి. 82వ సెక్షన్ ప్రకారం గడువు అయిపోయినంక భూమిని తిరిగి అప్పగించాలి, ఒప్పందంలో లేని నష్టం జరిగితే దానికీ కట్టివ్వాలి. ఆ భూమి మళ్లీ మునుపటి పనికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే, హక్కుదారు కోరితే, ప్రభుత్వమే దాన్ని సేకరించాలి. పైగా ఇది ఏజెన్సీ ప్రాంతం. భూసేకరణకు ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. నాలుగు రోజుల పార్కింగే కదా అని ఆ గ్రామసభను పక్కన పెట్టడం న్యాయం కాదు.

అందుకని వచ్చే 2028 జాతరకు ఇప్పటి నుంచే సంఘం తరఫున ఈ కోరికలు పెట్టాలని నా ప్రతిపాదన:

1. ఏ సర్వే నంబర్‌లో ఎన్ని గుంటలు కావాలో 2027 అక్టోబర్ లోపు గ్రామసభలో చదివి వినిపించాలి. నారు పోసినంక వచ్చి అడగొద్దు.

2. ప్రతి రైతుకూ రాతపూర్వక నోటీసు, ఎకరాకు పరిహారం ఎంతో రాసిన ఒప్పందం ఇవ్వాలి. సగం డబ్బు డోజర్ దిగకముందే బ్యాంకు ఖాతాలో పడాలి.

3. పట్టా ఉన్నా, అటవీ హక్కు పత్రం ఉన్నా, ఏ కాగితమూ లేకుండా పోడు చేసుకుంటున్నా, నిజంగా సాగు చేసేవాళ్లకే పరిహారం అందాలి.

4. ముందు మెట్ట చెలకలు, బీళ్లు చూడాలి. అవి చాలకపోతేనే వరి మడులు తీసుకోవాలి. కాలువలను మట్టితో పూడ్చకుండా తూము గొట్టాలు వేసి దారి చేయాలి. బోర్ల చుట్టూ కంచె ప్రభుత్వమే కట్టించాలి.

5. బండ్లు ఆపే చోటు వేరు, వంటలు, విడిది చేసే చోటు వేరుగా గుర్తించాలి. మరుగుదొడ్లు విడిది పక్కనే ఉండాలి. సీసాలు మడుల్లోకి రాకుండా ప్రవేశం దగ్గరే ఆపాలి.

6. వనప్రవేశం అయిన పది రోజుల్లో చెత్త ఎత్తి, లోతు దుక్కి చేసి, గట్లు పెట్టి రైతుకు అప్పగించాలి. జాతర జనవరి ఆఖరున పడిన ఏడు పది రోజుల్లో భూమి వస్తే కనీసం నువ్వులైనా చల్లుకోవచ్చు. అప్పగింతకు రైతు సంతకం ఉండాలి. ముందూ వెనకా ఫోటోలు తీసి ఫైల్‌లో పెట్టాలి.

ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మనం చేయాల్సినవీ ఉన్నాయి. మేడారం చుట్టుపక్కల సభ్యులు ఇప్పుడే, ఈ ఎండాకాలంలోనే, తమ మడుల ఫోటోలు తీసి పెట్టుకోండి. పాస్‌బుక్కు జిరాక్స్, కిందటి యాసంగిలో వడ్లు అమ్మిన రసీదు దగ్గర పెట్టుకోండి. పంట తీసేవాళ్లమని రుజువు చేసేది ఆ రసీదే. మండల కమిటీ ఊరికో రిజిస్టర్ పెట్టి ఎవరి భూమి ఎంత పోతుందో రాయాలి. ఒక్కడు పోయి అడిగితే "చూద్దాం" అంటరు. రిజిస్టర్ పట్టుకుని యాభై మంది పోతే కూర్చోబెట్టి మాట్లాడతరు.

జాతరకు పోయే మన సభ్యులకు ఇంకో మాట. మన ట్రాక్టర్ ఆగేది కూడా ఒక రైతు మడిలోనే. నేను ఈసారి వచ్చేటప్పుడు మా ట్రాలీ చుట్టూ ఉన్న సీసాలు, కవర్లు రెండు బస్తాలు నింపుకుని వచ్చిన. మావాళ్లు మొదట నవ్విండ్రు, తర్వాత చేయి కలిపిండ్రు. ప్రతి ట్రాలీలో ఒక ఖాళీ గోనెసంచి పెట్టుకుపోతే తప్పేం లేదు.

మన పెద్దలు చెప్పే కథ గుర్తు తెచ్చుకోండి. కరువు కాలంలో పంటలు లేక కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మేడారం మీదికి వచ్చింది. పంట లేని ఏడాది శిస్తు అడగడం అన్యాయమని ఎదురు నిలబడ్డ తల్లి సమ్మక్క. ఆ తల్లి జాతర కోసమే రైతు పంట పోగొట్టుకుని, అప్పు మాత్రం కట్టుకోవాల్సి వస్తే, ఆమె గద్దె ముందు మనం ఏ ముఖంతో బంగారం పెడతాం?

వచ్చే మండల సమావేశంలో ఈ ఆరు కోరికల మీద చర్చ పెట్టాలని కోరుతున్నాను. మార్చాల్సినవి మార్చండి, కలపాల్సినవి కలపండి. 2027 దసరా నాటికి మాత్రం మన చేతిలో కాగితం ఉండాలి.