బొంగు యార్డు పెద్దయ్య



మనం ఎక్కువగా పోరాటంలో పోయినవాళ్ల గురించి రాసుకుంటాం. అది మన బాధ్యత. ఈరోజు మాత్రం ఏనాడూ జెండా పట్టని ఒక మనిషి గురించి రాస్తున్నా. ఆయన మా పెద్దయ్య. పోయిన నెల కాలం చేసిండు. ఏజెన్సీ అంచున ఉన్న చిన్న టౌన్‌లో, కాగితం ఫ్యాక్టరీలో కూలీగా చేరి, బొంగు యార్డు సూపర్‌వైజర్‌గా రిటైర్ అయిండు.

మా కోయగూడెం నుంచి ప్యాంటు, షర్టు వేసుకుని డ్యూటీకి పోయిన మొదటి మనిషి ఆయనే. ఆయన జీతం మీదనే మా రెండిళ్లల్ల ముగ్గురం డిగ్రీ దాకా చదివినం.

కానీ ఆ యార్డుకు లారీల మీద వచ్చే బొంగు నరికింది ఎవరు? మా నాన్న. పెద్దయ్యకు సొంత తమ్ముడు. కూపులో తమ్ముడు నరికిన బొంగును యార్డులో అన్న కాటా పెట్టి దించుకున్నడు. తమ్ముడికి కట్ట లెక్కన కూలి, అన్నకు నెల జీతం.

కాలేజీలో ఉన్నప్పుడు, మీటింగ్ నుంచి వచ్చిన వేడి మీద ఒకసారి ఆయన మొహం మీదనే అన్న: "పెద్దయ్యా, నువ్వు కంపెనీ మనిషివి." ఆయన ఏం అనలే. చుట్ట ఆర్పేసి లోపలికి పోయిండు.

రెండు రోజుల తర్వాత పిలిచి ఒక పాత నోట్‌బుక్ చేతిలో పెట్టిండు. ఎన్ని లారీలు వచ్చినయి, ఎన్ని టన్నులు, తేమ పేరుతో ఎంత కోసిండ్రు, అన్నీ రాసుకున్నడు. చివరి పేజీల్లో మా గూడెపోళ్ల కట్టల లెక్క, అందని కూలీ బాకీలు.

"ఫ్యాక్టరీల టన్ను లెక్క, కూపుల కట్ట లెక్క. రెండూ ఒక్క కాడ పెట్టి చూసినోడు లేడు. మేం కొలువు అడిగినం బిడ్డా. బొంగు ఎవరిదని అడగలే" అన్నడు.

ఆ మాట చిన్నది కాదు. వెదురు నిజానికి గడ్డి జాతి. 1927 అటవీ చట్టం దాన్ని చెట్టు కింద రాసింది. అట్ల రాశాక అది ఫారెస్టోళ్ల సొత్తు అయింది, మనం నరికే కూలీలం అయినం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించి అమ్ముకునే హక్కు మనదని చెప్పింది. ప్రాణహిత అవతల, గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖ అనే గోండు ఊరు 2011లో ఆ హక్కును చేతిలోకి తీసుకుంది. వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభకే వచ్చింది.

ఆ వార్త చదివి వినిపిస్తే పెద్దయ్య ఒక్కటే అడిగిండు: "కాటా ఎవరిది?"

ఇలాంటోళ్లను కంపెనీకి అమ్ముడుపోయినోళ్లని కొందరు దోస్తులు అంటరు. నేనూ అన్న. అది తప్పు. ఆకలి ఉన్న ఇంట్లో కొలువు దొరికితే చేయడం ద్రోహం కాదు. అట్లని "మొదటి ఆదివాసీ సూపర్‌వైజర్" అని ఫ్లెక్సీ కట్టి సంబరపడుడు కూడా నాకు ఇష్టం లేదు. గూడేనికి ఒక్క కొలువు ఇస్తే అడవిలో మన వాటా తీరినట్టు కాదు. అది అందరికంటే ముందు ఆయనకే తెలుసు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ గూడెంలో కూడా మిల్లులోనో, బొగ్గు గనిలోనో, డిపోలోనో పనిచేసి రిటైర్ అయిన పెద్దమనిషి ఉంటడు. ఆయన దగ్గర కూర్చోండి. కాటా ఎట్ల పెట్టేటోళ్లు, కోత ఎట్ల వేసేటోళ్లు, రిజిస్టర్ ఎవరి చేతుల ఉండేదో అడిగి రాసుకోండి. రేపు మన గ్రామసభ బొంగు అమ్మే రోజు వస్తే, ధర మాట్లాడేటప్పుడు ఆ లెక్కే మనకు అక్కరకొస్తది. ఆయన పోతే ఆ లెక్క కూడా పోతది.

నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. ఆ రోజు అన్న మాటకు ఆయన బతికుండగా తప్పైందని చెప్పలే. ఇప్పుడు అందరి ముందు చెప్తున్నా.

జోహార్ పెద్దయ్యా.