నేసిన చెయ్యి ఎవరిది?

మన ఇళ్లలో పెళ్లి కుదిరితే గద్వాల చీర మాట రాకుండా ఉండదు. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. ఒంటినీ అంచునూ నేతలోనే కలిపే ఆ పనితనం చూసి మురిసిపోతాం. నేసినవారు ఎవరని మాత్రం అడగం.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఈ సంగతే మా మనసులో మెదిలింది. సరుకు ఒక్కటే తెలిసిన వ్యాపారి ధర పెరగగానే మరో దేశం చూసుకుంటాడు. నేసే కుటుంబం తెలిసినవాడు అంత తేలిగ్గా పోలేడు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సంఘాలకు ఇది దూరపు కథ కాదు. ఇక్కడ సువార్త చెప్పిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు అమెరికా నుంచి వచ్చినవారు. ఆ దేశపు మెన్నొనైట్ విశ్వాసుల్లోనే ఎడ్నా రూత్ బైలర్ అనే ఆమె 1946లో ప్యూర్టోరికో వెళ్లి, అక్కడి పేద స్త్రీలు అల్లికపని చేసిన గుడ్డలు తెచ్చి, కారులో పెట్టుకుని తెలిసినవారికి అమ్మారు. టెన్ థౌజండ్ విలేజెస్ అలా మొదలైంది. న్యాయ వ్యాపార సంస్థల నియమాల్లో ఒకటి: చేతివృత్తులవారు అడిగితే ఆర్డరు విలువలో కనీసం సగం వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి.

ఆ సగం ఎంత పెద్ద మాటో మగ్గం దగ్గర తెలుస్తుంది. పట్టు, జరీ కొనే సొమ్ము లేనివారు మాస్టర్ వీవర్ దగ్గర సరుకు తెచ్చుకుని, చీర అప్పగించి, కూలీ తీసుకుంటారు. అక్కడే అప్పు కూడా ఉంటే ఇంకొకరికి నేయడం కష్టం. మాస్టర్ వీవర్లంతా చెడ్డవారని మేమనడం లేదు. అమ్ముడుపోని చీరల భారం మోసేదీ వారే.

విదేశాల్లో ఉన్న మన బిడ్డలు సెలవులకు వచ్చి రాజోలిలోనో అమరచింతలోనో మగ్గం ముందు ఫొటో దిగితే అది పరిచయం కాదు. వచ్చే ఏడాదికి ఎన్ని చీరలు కావాలో చెప్పి, సగం సొమ్ము చేతిలో పెట్టి, మళ్లీ మళ్లీ ఆ ఇంటికే వెళ్లాలి. నేసినవారికి ఎంత అందిందని దుకాణంలోనూ అడగాలి. పది చీరలు కొని డిస్కౌంటు కోసం పట్టుబట్టినవాళ్లలో మేమూ ఉన్నాం.

2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు రాజోలి మునిగింది. అలాంటి రోజున బియ్యం, దుప్పట్లు ఎలాగూ కావాలి. వాటితోపాటు ‘మగ్గం మళ్లీ పెట్టండి, మొదటి చీర మాకే, ఇదిగో అడ్వాన్సు’ అని ఫోను చేసేవారూ కావాలి.