ట్రక్కుకు బ్రేకులెందుకు అంటారా?

"ట్రాక్టర్‌కి బ్రేకులున్నాయి కదండీ, మళ్లీ ట్రక్కుకెందుకు?" పోలవరం నుంచి కొవ్వూరు దాకా ఏటిగట్టు వెంట ఎవరిని కదిపినా వినిపించే మాట ఇది. సొంతదారు అంటాడు, ట్రాక్టర్ వెనక తగిలించే ఆ ట్రక్కు కట్టే వెల్డింగు షాపాయన అంటాడు, ఇసుక తోలే కుర్రాడూ అంటాడు. ఇంతమంది నమ్ముతున్నారు కాబట్టే ఇది తప్పని గట్టిగా చెప్పాలి.

పట్టిసం దగ్గర ఏటికీ ఊరికీ మధ్య గట్టుంది. ఇసుక ట్రాక్టర్ ర్యాంపు మీదుగా గట్టెక్కి, అవతల ఊళ్లోకి దిగాలి. ఎక్కేటప్పుడు అందరికీ జాగ్రత్తే. ముందు చక్రాలు లేస్తాయేమోనని చూస్తారు, గేరు ముందే వేసుకుంటారు. బండి కొనేటప్పుడు కూడా ఎన్ని హార్స్‌పవర్, ఎంత లాగుతుంది అనే అడుగుతారు. నిండు లోడుతో దిగేటప్పుడు ఎంతలో ఆగుతుందని ఎవరూ అడగరు. ఆ వాలు చివర ఊరి మలుపు ఉంటుంది, కిళ్లీ కొట్టు ఉంటుంది, సైకిళ్ల మీద బడి పిల్లలు ఉంటారు.

లెక్క చూద్దాం. యూనిట్ ఇసుక అంటే 100 ఘనపుటడుగులు. తడి ఇసుకైతే నాలుగున్నర, ఐదు టన్నులు తూగుతుంది. ట్రక్కు సొంత బరువు కలిపితే ఆరు టన్నులనుకోండి. లాగే ట్రాక్టర్ రెండు టన్నులు. మొత్తం ఎనిమిది. ఈ ఎనిమిది టన్నుల్నీ ఆపాల్సింది ట్రాక్టర్ వెనక చక్రాలు రెండే. వాటి మీద పడే బరువు, ట్రక్కు ముక్కు మోపే భారంతో కలిపి, సుమారు రెండు టన్నులు. పొడి తారు మీద టైరు పట్టు ఆ బరువులో అరవై శాతం అనుకున్నా, బండిని వెనక్కి పట్టే బలం టన్నుంపావుకు మించదు. 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి బ్రేకు పడ్డాక కూడా ఇరవై మీటర్లు దాటి వెళ్తుంది. డ్రైవరు చూసి కాలు వేసేలోపు పోయే దూరం దీనికి అదనం. రోడ్డు తడిసి, పైగా వాలైతే ఆ ఇరవై మీటర్లు మూడు నాలుగింతలవుతాయి. బ్రేకు కొత్తదైనా, ఆయిల్ బ్రేకైనా లాభం లేదు. చాలనిది బ్రేకు కాదు, టైరు పట్టు. ఐదు టన్నులకు పైగా బరువు మోస్తున్న ట్రక్కు చక్రాలు ఆపడానికి ఏమీ సాయపడకుండా దొర్లుతూనే ఉంటాయి. వాటికి ఓ మోస్తరు బ్రేకు పెట్టినా ఆగే దూరం సగానికి తగ్గుతుంది.

దూరం ఒక్కటే కాదు. ముందు బండి ఆగబోతుంటే వెనక బరువు రెంటినీ కలిపే పిన్ను దగ్గర తోస్తుంది. మలుపులో అయితే ఆ తోపు పక్కకు తిరిగి ట్రాక్టర్ వెనక భాగాన్ని అడ్డంగా తిప్పేస్తుంది. పొలంలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కేముందు కలిపి కొక్కెం వేయకపోతే పని ఇంకా చెడుతుంది.

"నెమ్మదిగా పోయే బండే కదా" అనేవాళ్లకు ఒక్క మాట. వేగం 20 నుంచి 30కి పెరిగితే ఆపాల్సిన శక్తి రెట్టింపు దాటుతుంది. 2024 జూలైలో ఉచిత ఇసుక విధానం వచ్చాక కొనేవాడికి మిగిలిన ఖర్చు ఎగుమతి, రవాణా. ఆ రవాణాకు తోలేవాడికి కూలి ట్రిప్పు లెక్కన ఇస్తూ నెమ్మదిగా పొమ్మంటే ఎలా పోతాడు?

నాకు అన్నిటికంటే కోపం తెప్పించే మాట ఇంకోటుంది: "డ్రైవరు మంచోడైతే చాలు." ప్రమాదం జరిగితే తాగాడంటారు, కుర్రాడంటారు, లైసెన్సు లేదంటారు. నిజమే కావచ్చు. కానీ ఎనిమిది టన్నులకు రెండు చక్రాల బ్రేకు ఇచ్చి పంపింది ఆ కుర్రాడు కాదు. కేసు అతని మీద, చావు కూడా చాలాసార్లు అతనిదే. చట్టం ట్రక్కును వేరే వాహనంగా చూస్తుంది, దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు. అలాంటి వాహనానికి సొంత బ్రేకు అక్కర్లేదనడం ఎక్కడి న్యాయం?

పైగా ఇదే ట్రక్కులో మనుషుల్ని ఎక్కిస్తాం. నాట్లకు, కోతలకు, శివరాత్రికి పట్టిసం తీర్థానికి. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. అందుకు ట్రక్కు బ్రేకే కారణమని నేననడం లేదు. ట్రక్కులో కూర్చున్నవాళ్ల ప్రాణం మన కళ్లకు ఎంత చవకగా కనిపిస్తుందో చెబుతున్నాను.

అదే అమెరికాలో చూడండి, సెలవులకు కారు వెనక తగిలించుకునే ఇంటి బండి ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో అది 3,000 పౌండ్లు, అంటే 1,360 కిలోలు దాటితే సొంత బ్రేకులు తప్పనిసరి. ముందు బండిలో పెడల్ తొక్కగానే వెనక డ్రమ్ములోని అయస్కాంతానికి కరెంటు వెళ్తుంది. అది తిరిగే డ్రమ్ముకు అతుక్కుని లివరును లాగుతుంది, షూలు విచ్చుకుంటాయి. కొక్కెం ఊడి బండి విడిపోతే చిన్న బ్యాటరీ దానంతటదే బ్రేకు వేసేస్తుంది. ఇది చాలక డిస్కు బ్రేకులకు మారేవాళ్లూ ఉన్నారు. మన యూనిట్ ఇసుక బరువులో మూడో వంతు కూడా లేని బండికి అంత జాగ్రత్త!

ఆ కరెంటు బ్రేకే మనకూ పెట్టమనను. ఏట్లో దిగే బండికి డ్రమ్ములో ఇసుక చేరితే అయస్కాంతం, లైనింగు త్వరగా అరిగిపోతాయి. కంప్రెసర్ బిగించి ట్రక్కుకు గాలి బ్రేకు పెట్టే పద్ధతి మన దేశంలోనే ఉంది. ఖర్చవుతుందంటారు. ఇసుక దానంతటదే ఒరిగిపోవడానికి హైడ్రాలిక్ జాకీ పెట్టించినప్పుడు ఈ మాట రాలేదే! అప్పుడు ట్రాక్టర్ నుంచి ట్రక్కుకు ఆయిల్ పైపు వెళ్లింది, వెనక లైటుకు వైరూ వెళ్లింది. లోడు పెంచడానికి పక్క బోర్డులు ఎత్తు చేయించడానికీ డబ్బు దొరికింది. బ్రేకు గొట్టం దగ్గరకొచ్చేసరికే దొరకడం లేదు.

కొత్త ట్రక్కు కట్టించే ప్రతివాడూ ఇరుసు తెచ్చేటప్పుడే బ్రేకు డ్రమ్ములున్నది తేవాలి. తర్వాత మార్చడం కన్నా అది చవక. పాతవాటికి గడువు పెట్టాలి. ఆ గడువు దాటాక, బ్రేకు లేని ట్రక్కుకు ఏ ర్యాంపులోనూ ఇసుక ఎగుమతి చేయకూడదు. లోడు ఎత్తేముందు బిల్లు చూస్తున్నారు, నంబరు చూస్తున్నారు. వంగి చక్రం వెనక డ్రమ్ముందో లేదో చూడటానికి పట్టేది అర నిమిషం.