ఆరేదాకా ఆగడమూ పనే

మా మేనల్లుడి కొడుకు ఆరో తరగతి చదువుతున్నాడు. దసరా సెలవులకు జంగారెడ్డిగూడెం వచ్చి, నా బల్ల మీదున్న విమానం బొమ్మను చూశాడు. చేత్తో ముట్టుకోకుండా చుట్టూ తిరిగాడు. వంగి కింద నుంచి చూశాడు, ఒక కన్ను మూసి ముక్కు వైపు నుంచి చూశాడు. అంతా అయ్యాక అడిగాడు.

"తాతయ్యా, దీన్ని చెయ్యడానికి ఎంతసేపు పట్టింది?"

"పని చేసింది 23 గంటలు. పట్టింది 65 రోజులు" అన్నాను.

వాడు వేళ్లు ముడుస్తూ లెక్కేసుకున్నాడు. "అయితే మిగతా రోజులన్నీ ఖాళీగా ఉన్నావా?"

వాడికి అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వారం ఈ శీర్షికలో ఆ బాకీ తీర్చుకుంటాను.

ఆ బొమ్మ మిగ్-21 యుద్ధవిమానం. 1963లో మన వైమానిక దళంలో చేరింది. 62 ఏళ్లు సేవ చేసి, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. దానికి సెలవు ఇస్తున్నారని జూలైలో పేపర్లో చదివిన రోజే, ఎప్పుడో కొని అటక మీద పెట్టిన కిట్టు కిందికి దించాను. అసలు విమానానికి ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 7.15 మీటర్లు. నా బల్ల మీదున్నదానికి పది సెంటీమీటర్లు. ఇది 1:72 స్కేలు. ఆరడుగుల మనిషంటే 72 అంగుళాలు కదా, ఈ స్కేల్లో అతను సరిగ్గా ఒక్క అంగుళం ఉంటాడు. ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే లెక్క మరిచిపోవడం ఉండదు.

పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకు అంటిపెట్టుకుని ముక్కలుంటాయి. అన్నీ తుంచి గబగబా అతికించేస్తే సాయంత్రానికి విమానం ఆకారం వచ్చేస్తుంది. నా మొదటి బొమ్మను నేను అలాగే చేశాను. పైలట్ కూర్చునే చోట ఉండే అద్దం మూతను, తొందరగా పట్టేస్తుంది కదా అని సూపర్ గ్లూతో అతికించాను. తెల్లారి చూస్తే శుక్లం పట్టిన కన్నులా తెల్లబడి ఉంది. ఆ జిగురు ఆరేటప్పుడు లేచే ఆవిరి, పక్కనున్న పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లగా పేరుకుంటుందని నాకప్పుడు తెలియదు. ఒక్క పూట మిగుల్చుకుందామనుకుని బొమ్మ మొత్తం పోగొట్టుకున్నాను.

మిగ్‌తో ఆ తప్పు చెయ్యలేదు. విమానం పొట్ట రెండు దొప్పలుగా వస్తుంది. రెంటినీ చేర్చి అంచున జిగురు రాస్తే, ఆ జిగురు ప్లాస్టిక్‌ను కొంచెం కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. కరిగినది మళ్లీ గట్టిపడాలి. ఆ రాత్రికి దాన్ని కదపకూడదు. మర్నాడు అతుకు దగ్గర సన్నటి గీత కనపడుతుంది. దాని మీద లప్పం పెట్టాలి. అది ఆరాక నీళ్లు తడిపి ఉప్పు కాగితంతో రుద్దాలి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే గీత ఇంకా ఉంటుంది. మళ్లీ లప్పం, మళ్లీ ఆరడం, మళ్లీ రుద్దడం. గోరు పెట్టి అడ్డంగా లాగినప్పుడు ఎక్కడా తగలకుండా జారిపోతే, అప్పుడు అతుకు పోయినట్టు. నాకు ఆ ఒక్క గీతకే వారం పట్టింది. అందులో చేత్తో పనిచేసింది రెండు గంటలు ఉంటుందేమో.

తరవాత ప్రైమర్. ప్రైమర్ వేశాక మనం దాచేశామనుకున్న గాట్లన్నీ బయటపడతాయి. అవి సరిచేసి, రంగు వేద్దామనుకునేసరికి ముసురు పట్టింది. గాలిలో తేమ ఉన్నప్పుడు స్ప్రే కొడితే రంగు మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర వస్తుంది. అందుకని తొమ్మిది రోజులు డబ్బా మూత తియ్యలేదు. పొద్దున్నే లేచి ఎర్రకాలువ వైపు ఆకాశం చూసి, ఇవాళా కాదు అనుకుని పేపరు చదువుకునేవాణ్ణి. ఎండ వచ్చిన రోజు పలచగా ఒక కోటింగు, మర్నాడు ఇంకొకటి. చివరికి రెక్కల మీద అంటించే గుండ్రటి మూడు రంగుల గుర్తులు. నీళ్లలో నానబెట్టి, కాగితం మీద నుంచి కుంచె మొనతో మెల్లగా జార్చాలి. శనగగింజంత గుర్తు అది. ఊపిరి బిగబట్టి జారుస్తుంటే గోడ గడియారం చప్పుడు కూడా గట్టిగా వినిపించింది.

ఇప్పుడు మా వాడి ప్రశ్నకు వస్తాను. ఆ మిగతా రోజులు నేను ఖాళీగా ఉన్నానా?

ఈ ఊళ్లో ఆ జవాబు చెప్పడానికి నాకన్నా అర్హులు మా పొగాకు రైతులు. మెట్ట ప్రాంతంలో వర్జీనియా పొగాకు పండించే ప్రతి ఊరి పొలిమేరలో ఆకు ఆరబెట్టే బ్యారన్ ఉంటుంది. పచ్చాకు కర్రలకు కట్టి లోపల ఎక్కించాక, ముందు తక్కువ వేడి మీద ఆకు పసుపు తిరగాలి. ఆ తరవాత ఆకు ఆరాలి, ఆఖరున ఈనె ఆరాలి. మొత్తం ఐదారు రోజులు. ముందే వేడి పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, వేలం కేంద్రంలో ధర పలకదు. ఆ రాత్రుళ్లు బ్యారన్ పక్కన నులకమంచం వేసుకుని, గంటకోసారి లేచి థర్మామీటరు చూసే రైతును పట్టుకుని "ఖాళీగా ఉన్నావా?" అని ఎవరూ అడగరు. అతని చేతులు ఆగి ఉన్నా పని ఆగలేదని అందరికీ తెలుసు. ఆకుకు దాని సమయం దానికి ఇవ్వడమే అతని నేర్పు.

కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లదీ ఇదే నేర్పు. వాళ్ల బొమ్మ ఒకే చెక్కలో చెక్కిన బొమ్మ కాదు, మన కిట్టు లాగే ముక్కలు ముక్కలుగా చేసి అతికిన బొమ్మ. అంబారీ ఏనుగైతే ఒళ్లు, తొండం, చెవులు, పైన అంబారీ, అందులో కూర్చున్న మనిషి, అన్నీ విడివిడిగా తయారవుతాయి. కొండల్లో దొరికే తెల్లపొణికి కర్రను ముందు సన్నటి సెగ మీద తేమ పోయేదాకా ఆరబెడతారు. తేలికైన కర్ర, తడి మిగిలితే తరవాత పగులుతుంది. చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో ముక్కలు అతుకుతారు. అదే మక్కుతో అతుకుల సందులు పూడుస్తారు. ఆరనిచ్చి, సుద్ద పూసి, మళ్లీ ఆరనిచ్చి, అప్పుడు రంగులు. జిగురు, లప్పం, ప్రైమర్, రంగు అని కిట్టు పెట్టెలో కాగితం మీద వేసిన వరస ఇదే. మన ఇళ్లలో బొమ్మల కొలువు పెట్టే అమ్మాయిలకు ఆ ఏనుగు వెనక ఎన్ని ఆరబెట్టడాలున్నాయో చెప్పేవాళ్లు కావాలి.

ప్లాస్టిక్ కిట్ల చరిత్ర మరీ పాతదేం కాదు. ఇంగ్లండులో 1939లో నికొలస్ కోవ్ స్థాపించిన ఎయిర్‌ఫిక్స్, 1950లలో ఓడలు, విమానాలు ముక్కలుగా అమ్మడం మొదలుపెట్టి పిల్లల జేబు ఖర్చుకు అందేలా చేసింది. జపాన్‌లోని షిజువోకలో తమియా 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క బొమ్మల మీదుగా ప్లాస్టిక్‌కు వచ్చింది. ఈ కిట్లు చేసేవాళ్లలో శని ఆదివారాల్లో ఒక చిన్న విమానం ముగించేవాళ్లున్నారు. అదే విమానానికి ఆరు నెలలు పెట్టేవాళ్లూ ఉన్నారు. తాళ్లూ తెరచాపలతో సహా చెక్క ఓడ చేసేవాళ్లు ఒక్క ఓడ మీద ఏళ్లు గడుపుతారు. ఇటాలో గిస్మోండి అనే ఆయన ప్రాచీన రోమ్ నగరాన్ని 1:250 స్కేల్లో 1930లలో మొదలుపెట్టి, 1971 దాకా కూరుస్తూనే ఉన్నాడు. న్యూయార్క్‌లో 1964 ప్రపంచ ప్రదర్శన కోసం ఆ నగరం మొత్తాన్ని, లక్షల భవనాలతో, 1:1200 స్కేల్లో చేశారు. వందమందికి పైగా కూర్చుంటే మూడేళ్లు పట్టింది.

ఇంత సమయం పెట్టి ఏం సంపాదిస్తారు అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. చూడటం వస్తుంది. ఫోటోలో మిగ్‌ను నేను వందసార్లు చూసి ఉంటాను. దాని చక్రాల తలుపులు ఎటు తెరుచుకుంటాయో, తోక కింద ఆ చిన్న రెక్క ఎందుకుందో చెయ్యబోయేదాకా నాకు పట్టలేదు. జిగురు ఆరే రాత్రి మర్నాడు చెయ్యాల్సిన పని గురించి చదువుతాం, బొమ్మలు చూస్తాం, ముందు వేసిన అడుగు సరైనదేనా అని ఆలోచిస్తాం. తప్పు చేస్తే రుద్దేసి మళ్లీ మొదలుపెట్టే ఓపిక కూడా ఆ ఖాళీలోనే పుడుతుంది. 23 గంటలు చేతులకు పని. మిగిలిన రోజులన్నీ కంటికీ బుద్ధికీ పని.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మన పిల్లలకు ఈ సమయం మనం ఇవ్వడం లేదు.

ఆ మధ్య ఒక పాఠశాల సైన్స్ ప్రదర్శనకు నన్ను పిలిచారు. ఒక అబ్బాయి థర్మోకోల్‌తో పోలవరం స్పిల్‌వే చేసి తెచ్చాడు. పది గేట్లున్నాయి. "పదే ఎందుకు పెట్టావు బాబూ?" అంటే, "షీటు అంతవరకే వచ్చిందండి" అన్నాడు. ముందురోజు రాత్రి తొమ్మిదింటికి వాళ్ల నాన్న బస్టాండు దగ్గర షాపు మూసేస్తుంటే బతిమాలి షీటు తెచ్చాడట. అమ్మ కోసింది, అక్క రంగు వేసింది. ఆ పిల్లవాడు నిజమే చెప్పాడు, తప్పు వాడిది కాదు. ఒక్క రాత్రిలో చెయ్యమన్నది పెద్దవాళ్లం. ఆ రాత్రిలో వాడు నేర్చుకున్నది ఏమిటంటే, పని అంటే తెల్లారేసరికి చూపించాల్సిన వస్తువు అని.

అందుకే మా ఊరి హైస్కూళ్ల ఉపాధ్యాయులను చేతులు జోడించి ఒకటి అడుగుతున్నాను. ప్రతి పిల్లవాడి చేతా ఏడాదికి పది ప్రాజెక్టులు చేయించకండి. తరగతి మొత్తం కలిసి ఏడాదంతా ఒక్కటి చెయ్యనివ్వండి. పోలవరం మనకు పక్కనే ఉంది. స్పిల్‌వేకు 48 రేడియల్ గేట్లు. ఒక్కో గేటు 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. 1:200 స్కేలు తీసుకుంటే గేటు 8 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు అవుతుంది. చిన్న చేతికి సరిగ్గా సరిపోతుంది. 1,118 మీటర్ల స్పిల్‌వే ఐదున్నర మీటర్ల పైచిలుకు అవుతుంది. బడి వరండాలో ఒక గోడ వారగా పట్టేస్తుంది. తరగతిలో 48 మంది ఉంటే తలా ఒక గేటు.

ఖర్చు పెద్దగా లేదు. అట్ట, వెదురు బద్దలు, బంక, ఉప్పు కాగితం చాలు. రేడియల్ గేటు ముఖం వంపుగా ఉంటుంది కాబట్టి తడిపిన అట్టను డబ్బాకు చుట్టి, అది ఆరేదాకా ఆగాలి. తొందరపడి ముందే తీసిన పిల్లవాడి గేటు మళ్లీ తిన్నగా అయిపోతుంది. వాడు ఇంకొకటి చెయ్యాలి. పక్కవాడి గేటు కంటే తనది రెండు మిల్లీమీటర్లు పొడుగైతే స్తంభాల మధ్య పట్టదు, కాబట్టి ఒకరి కొలత ఇంకొకరు సరిచూడాలి. జూన్‌లో మొదలుపెడితే సంక్రాంతికి గేట్లు నిలబడతాయి. లెక్కలు, భౌతికశాస్త్రం, భూగోళం ఆ వరండాలోనే వస్తాయి.

ఇంకొక్క మాట. మా మండలంలోని తాడువాయి పునరావాస కాలనీలో పోలవరం ముంపు ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాలున్నాయి. ఆ పిల్లల చేత గేటు మాత్రమే చేయిస్తే అది సగం పాఠం. అదే స్కేల్లో వాళ్ల పాత ఊరు కూడా చేయించాలి. వీధి ఎంత వెడల్పుండేది, గుడి నుంచి రేవుకు ఎన్ని అడుగులు, చింతచెట్టు ఏ ఇంటి మీద నీడ వేసేది, ఇవన్నీ అమ్మమ్మనూ తాతయ్యనూ అడిగి రాసుకోవాలి. పది అడుగుల వాకిలి ఆ స్కేల్లో సెంటీమీటరున్నర. ఆ సెంటీమీటరున్నర కోసం మనవరాలు అమ్మమ్మ దగ్గర ఎన్ని సాయంత్రాలు కూర్చోవాల్సి వస్తే అన్నీ కూర్చోవాలి. ఆ వాకిలి కొలత తెలిసినవాళ్లు ఉన్నప్పుడే అడగాలి. ఈ ఒక్క పనిలో మాత్రం ఆలస్యం పనికిరాదు.

సెలవులయ్యాక మావాడు వెళ్లేటప్పుడు అటక మీదున్న ఇంకో కిట్టు వాడి సంచిలో పెట్టాను. నిన్న రాత్రి ఫోన్ చేశాడు.

"తాతయ్యా, పొట్ట రెండు దొప్పలూ అతికించాను."

"బాగుందా?"

"ఇప్పుడే చెప్పలేను. ఆరుతోంది. రేపు బడి నుంచి వచ్చాక చూస్తాను."

– ఎర్రకాలువ