ఇల్లు నడిపిన మనిషి

కష్టపడి ఇల్లు నడిపిన నాన్నల జ్ఞాపకాలతో ఈ సంచిక మీ ముందుకొస్తోంది. కళ్లాల్లో ఎండిన మిర్చి గుంటూరు యార్డుకు చేరే రోజులివి. పిల్ల పెళ్లి, కాలేజీ ఫీజు, కౌలు బాకీ, పురుగుమందుల కొట్టు ఖాతా అన్నీ అక్కడ పలికే ధర మీదే తేలాలి. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను నాశనం చేసినప్పుడు ఆ బాకీలతో పాటు ఇంటిల్లిపాది దిగులునూ మోసిన మనుషుల్ని మనం దగ్గరగా చూశాం.

ఈ పేజీలు కూరుస్తున్నంతసేపూ మా మనసులో గుర్రం జాషువా మెదులుతూనే ఉన్నారు. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన్ను మహాకవిగా ఎరుగుదుం. సంసారిగా ఎరిగింది తక్కువ. రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చదివి వినిపించారు. గుంటూరులో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. అరవై దాటాక మద్రాసు రేడియోలో పనిచేశారు. కులం పేరిట పడిన అవమానాలు ఇంటి బాధ్యతను ఆపలేదు, పద్యాన్నీ ఆపలేదు. ఆయన కూతురు హేమలతా లవణం తర్వాతి కాలంలో స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడిన కుటుంబాల మధ్య పనిచేశారు. ఆ ఇంటి పెంపకం ఎంత దూరం వెళ్లిందో చూడండి!

ఈ సంచికలో రాసినవాళ్లంతా నాన్న చెప్పుకోని కష్టాన్ని తవ్వి తీశారు. అయితే మిరప కోతల్లో పొద్దస్తమానం వంగిన నడుములు ఎక్కువగా అమ్మలవే. అమ్మ కష్టాన్ని పక్కనపెట్టి నాన్నను పొగడటం మాకు ఇష్టం లేదు. అందుకే ఈ జ్ఞాపకాల్లో ఇద్దరూ ఉన్నారు.